పెరుగన్నం కింద పేర్లు

నాచారం పారిశ్రామికవాడలో నేనున్నంత కాలం నా మాట లేకుండా ఒక్క దీపావళి మిఠాయి డబ్బా గేటు దాటలేదు. యజమానులు నన్నడిగి పండగ చేసుకునేవారు. ఉప్పల్‌లో మిఠాయి కొట్టాయన నేను కనబడితే చాలు, లేచి నిలబడేవాడు.

మొదటి పేరా కదా అని కాస్త ఎత్తు మీద నుంచి అందుకున్నాను. దిగుతున్నాను. వాడ మొత్తం కాదు, మా ఒక్క ఫ్యాక్టరీ. నా మాట కూడా కాదు, సామాన్ల గది తాళంచెవి నా దగ్గరుండేది. మిఠాయి కొట్టాయన లేచి నిలబడిన మాట నిజమే గాని, అది పై అరలో డబ్బా అందుకోవడానికి.

మాది నీళ్ళ మోటార్లలో వేసే రబ్బరు వాషర్లు చేసే ఫ్యాక్టరీ. ఏడాదంతా నేను కొనుగోళ్ళ సెక్షన్లో ఓ మూల కుర్చీలో ఉండేవాడిని. దసరా వెళ్ళిందంటే మాత్రం ఆ కుర్చీ సింహాసనమైపోయేది. ఏ క్లయింటుకి జీడిపప్పు, ఏ క్లయింటుకి ఉత్త సోన్ పాపిడి అన్నది నేనే తేల్చాలి. అందరికంటే పెద్ద క్లయింటు చర్లపల్లిలో ఓ పంపుల కంపెనీ. వాళ్ళ పర్చేజ్ మేనేజరు మా గోదావరి వైపు మనిషే. ఆయనకు మిఠాయి డబ్బా పంపితే అవమానం. మా ఊరి నుంచి బస్సులో పూతరేకులు తెప్పించి, నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చేవాడిని.

ఇక వర్కర్లకు స్టీలు గిన్నె, వాళ్ళ మాటలో బగోన. ఉప్పల్‌లో ఒకే కొట్టు, ఏళ్ళ తరబడి. కొట్టు గుమ్మంలో ఒకాయన స్టూలు వేసుకుని కూర్చుని, జుయ్యిమని మోగే సూదితో గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. పండగ ముందు రోజు మిషన్లకు పూజయ్యాక, ఎవరి పేరున్న గిన్నె వాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళం. సాయంత్రం షిఫ్టు వదిలాక గేటు బయట చూడాలి ఆ సంబరం. బైకు ట్యాంకుల మీద గిన్నెలు, హ్యాండిళ్ళకు గిన్నెలు, వెనక కూర్చున్నవాళ్ళ ఒళ్ళో గిన్నెలు. ఒకాయనైతే హెల్మెట్ లేదని నెత్తిన బోర్లించుకుని పోయాడు, ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ కొట్టాడు. సెల్యూట్ మాట అబద్ధం. పోలీసు నవ్వాడు, అంతే.

కొన్నేళ్ళ కిందట మా యజమాని పెద్దాయన ఆరోగ్యం బాగోక ఇంటిపట్టున ఉండిపోతే, ఆయన కూతురు ఫ్యాక్టరీ చూసుకోవడం మొదలుపెట్టింది. మనిషి నెమ్మది. గొంతు పెంచదు. దసరా మర్నాడు నన్ను పిలిచి కూర్చోమంది.

"ఈసారి గిఫ్టులు మానేద్దామండీ. అయ్యే ఖర్చంతా ఏదైనా మంచి పనికిద్దాం. క్లయింట్ల పేరు మీద, స్టాఫ్ పేరు మీద. మీ పేరున ఫలానా పని జరిగిందని అందరికీ ఒక కార్డు పంపుదాం."

"కార్డులో పప్పు ఉడకదు కదమ్మా," అన్నాను.

ఆవిడ నవ్వి, బీరువా మీదున్న డబ్బా కిందికి దించింది. జీడిపప్పు డబ్బా. నిన్ననే ఒక కంపెనీవాళ్ళు పెద్దాయనకి పండగ కానుకగా పంపారట. దానికి కట్టిన ఎర్ర రిబ్బను చూడగానే గుర్తుపట్టాను. ఆ ముడి నాదే. ఒక మెలిక ఎక్కువ వేసి కట్టే అలవాటు నాకు తప్ప ఇంకెవరికీ లేదు. పోయినేడు మేము పంపినదాన్ని, విప్పనైనా విప్పకుండా, ఈ ఏడు మాకే పంపారు.

"ఇప్పుడు చెప్పండి," అంది మేడం.

ఏం చెప్తాను? నా ముడే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది.

"వర్కర్ల మీద మాత్రం నేను రుద్దను," అంది. "వాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే వాళ్ళ వంతు కలుపుదాం. లేదంటే గిన్నెలే ఇద్దాం. ఎవరికిస్తే బాగుంటుందో, నేను విన్న చోట్లు ఒకటి రెండు చెప్తాను, మీరే తిరిగి చూసి రండి. మనుషుల్ని చూస్తే మీకు తెలుస్తుంది."

ఆ చివరి మాట పట్టుకుని నేను వారం రోజులు రొమ్ము విరుచుకుని తిరిగాను. మొదట కీసర వైపు ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళాను. అక్కడ నన్ను చూడగానే ఇద్దరు వచ్చి చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయి, మంచం చూపించి, దుప్పటి కప్పి, మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. ఈ కథ మా ఇంట్లో నేను చాలాసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా దుప్పటి మందమవుతూ వచ్చింది. జరిగింది ఇంతే. వాచ్‌మన్ నన్ను చేరేవాళ్ళ బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "తాతా, ఫికర్ చెయ్యకు, ఈడ మంచిగుంటది," అన్నాడు. దానం ఇవ్వడానికొచ్చానని చెప్పేసరికి ఆ పిల్లవాడి ముఖం చూడాలి. ఆశ్రమానికి ఏ లోటూ లేదు. పక్కనే ఉన్న గుడికొచ్చే భక్తులు బియ్యం మూటలు దించిపోతూనే ఉన్నారు. ఇంకెక్కడైనా చూసుకోమని వాళ్ళే చెప్పారు.

అక్కడి నుంచి తిరిగొచ్చి, మర్నాడు మేడం చెప్పిన ఇంకో చోటికి, రామంతాపూర్ వెళ్ళాను. చెరువు దగ్గర సందుల్లో ఒక అద్దె ఇంట్లో చిన్న బడి. మాట రాని పిల్లలు, నడక కుదరని పిల్లలు. పదవీ విరమణ చేసిన ఒక పంతులమ్మ నడుపుతోంది. నేను వెళ్ళేసరికి వరండాలో తల్లులందరినీ కూర్చోబెట్టి మాట్లాడుతోంది. గుమ్మం పక్కన నిలబడి విన్నాను.

"అద్దె వ్యాను యజమాని బండి అమ్మేసుకుంటున్నాడమ్మా. దీపావళి దాకా తిప్పుతానన్నాడు. ఆ తర్వాత బండి లేదు. కొత్తది పెట్టే శక్తి నాకు లేదు. ఎవరి పిల్లల్ని వాళ్ళే తెచ్చి దింపుకోవాలి."

తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకామె తల దించుకుంది. దించుకున్న తల చూసే గుర్తుపట్టాను, మా షెడ్డులో రోజూ అలాగే కూర్చుంటుంది. ప్రెస్సులోంచి వచ్చిన వాషర్ల అంచులు కత్తిరించే అమ్మాయి. ఆ రోజు పనికి సెలవు పెట్టి వచ్చినట్టుంది. ఒళ్ళో తొమ్మిదేళ్ళ పిల్ల. పిల్ల తల ఒక పక్కకు వాలి ఉంది, చెయ్యి మాత్రం ఊరుకోకుండా తల్లి గాజుల్ని తడుతోంది. ఆమె భర్త అన్నోజిగూడ దగ్గర హైవే మీద టైర్ల కొట్లో పని చేస్తాడని, తెల్లవారకముందే పోతాడని నాకు తెలుసు. ఆమె షిఫ్టు ఎనిమిదికి. బడి తెరిచేది తొమ్మిదింటికి, కాని వ్యాను ఏడున్నరకే వచ్చి పిల్లను ఎక్కించుకునేది. అంత పిల్లను ఎత్తుకుని షేర్ ఆటో ఎక్కడం ఎవరి వల్లా కాదు. బండి ఆగిందంటే ఆమె ఉద్యోగం ఆగినట్టే.

నన్ను చూసి ఆమె లేచి వచ్చింది. పిల్లను నడుం మీద సర్దుకుంటూ, గొంతు తగ్గించి అంది:

"సారూ, మీరు గీడికెందుకొచ్చిన్రో నాకు ఎర్కే. ఈసారి బగోనలు లేవు, దానమంట అని షెడ్డుల అనుకుంటున్నరు. నన్ను గీడ చూసినట్టు ఎవ్వలకు చెప్పకున్రి."

"ఎందుకమ్మా? చెప్తే వాళ్ళే ఒప్పుకుంటారు."

"గందుకే వద్దంటున్న. నా బిడ్డ కోసం అందరి చేతుల బోళ్ళు గుంజుకున్నదంటరు. రేపటి నుంచి ఎవ్వల మొకం జూడాలె? గంత కంటే పని బందు జేసుడే నయం."

మాటిచ్చాను. నా జన్మలో నిలబెట్టుకున్న మాటలన్నిటిలో ఇదొక్కటే... లేదు, ఇంకా ఉన్నాయి. మా ఆవిడ ఇది చదువుతుంది.

ఆ రోజే మేడంకి బడి సంగతి చెప్పాను, ఆమె సంగతి చెప్పలేదు. మేడం కంపెనీ వంతు లెక్క చూసింది. క్లయింట్ల మిఠాయిల డబ్బు మాత్రమే అయితే బండి రాదు, వర్కర్ల గిన్నెలు కూడా కలిస్తే ఒక మోస్తరు పాత వ్యాను వస్తుంది. ఇక అంతా షెడ్డు చేతిలో ఉంది. అంటే నా నాలుక చేతిలో ఉంది అనుకున్నాను.

మర్నాడు టీ వేళ షెడ్డుకు వెళ్ళాను. ప్రెస్సుల మేస్త్రి గురించి ముందు చెప్పాలి. అతను నాచారం పాత ఊరివాడు. ఇప్పుడు మా ఫ్యాక్టరీ ఉన్నచోట వాళ్ళ తాత జొన్న వేసేవాడట. "బావా, నువ్వు మా చేన్ల కుర్చీ ఏసుకొని కూసున్నవ్," అని వారానికోసారైనా గుర్తుచేసేవాడు. మాకు ఏ చుట్టరికమూ లేదు. మొదటి రోజే బావా అన్నాడు, అప్పటి నుంచి బావనే.

"ఏంది బావా, ఈసారి బగోనలు లేవంట గదా? ఉత్త కాయితమేనంట?"

"బగోన లేదు బావా, బస్సుంది."

"బస్సా! ఎవలెక్కుతరు, నువ్వా?"

అందరూ నవ్వారు. నేను బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు ఎక్కి మొదలుపెట్టాను. రామంతాపూర్ బడి గురించి చెప్పాను. నడవలేని పిల్లల గురించి చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే నేను నేను ఎందుకవుతాను? పసుప్పచ్చ బస్సు అన్నాను. కిటికీలకు తెరలు అన్నాను. లోపల మెత్తటి సీట్లు, ఎక్కడానికి దానంతటదే దిగే మెట్టు అన్నాను.

"ఆ బస్సు రెండు పక్కలా మీ పేర్లు! పెద్ద పెద్ద కంపెనీల మేనేజర్ల పేర్ల పక్కనే మీ పేర్లు! ఉప్పల్ రింగురోడ్డు మీద, మెట్రో కింద బస్సు పోతుంటే ఊరంతా చదవాలి!"

"నా పేరు ఎడమ దిక్కు రాయున్రి సారూ," అంది ఒకామె. "బస్టాపులన్ని గా దిక్కే ఉంటయ్."

"మా ఇంటామె ఒప్పుకోదు," అన్నాడు ఇంకొకతను. "పోయినేడు బగోనకు మూత రాలేదని ఇప్పటిదాంక అంటనే ఉన్నది."

"ఆమె పేరు కూడా రాద్దాం!"

"మరి మా అత్తది?"

లొల్లి లేచింది. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక, డ్రైవరు తలుపు మీద ఎవరిది. ఆ అంచులు కత్తిరించే అమ్మాయి మాత్రం ఓ మూల తల ఎత్తకుండా కత్తెర ఆడిస్తూనే ఉంది. ఆఖరికి మేస్త్రి గ్లాసు కింద పెట్టి లేచాడు.

"సరే తియ్ బావా. నా పేరు అందరికన్నా పెద్దగ రాయాలె. లేకుంటే నీ కుర్చీ మా తాత చేన్లకెళ్ళి తీసి బయటేస్త."

చేతులెత్తమన్నాను. షెడ్డంతా ఎత్తింది. ఆమె కూడా ఎత్తింది, అందరికంటే ఆఖరున. ఇంటికెళ్ళి మా ఆవిడతో, గంటన్నర సేపు మాట్లాడానని, చప్పట్లకు షెడ్డు రేకులు అదిరాయని చెప్పాను. టీ చల్లారేలోపలే అయిపోయింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు, చేతుల్లో గ్లాసులున్నాయి.

ఆ ఊపులో క్లయింట్లకు పంపే కార్డుతో పాటు ఫోన్లో నా సొంత మాట కూడా ఒకటి కలిపి పంపాను: మీ పేరు బస్సు మీద రాయిస్తున్నామని.

తర్వాత బండి కొనడం. అన్నోజిగూడ దగ్గర పాత బళ్ళు అమ్మేచోట మేస్త్రి ఒక తెల్ల వ్యానును పట్టుకున్నాడు. ఇంజను చప్పుడు చెవి పెట్టి విన్నాడు, కింద పడుకుని చూశాడు, అమ్మేవాడిని రెండు తిట్లు తిట్టి తగ్గించాడు. గట్టి బండే. కాని బస్సు కాదు. పిల్లలు సర్దుకుని కూర్చుంటే సరిపోతుంది. దాని పక్కల మీద మా షెడ్డు పేర్లు సగం కూడా పట్టవు, క్లయింట్ల సంగతి తరవాత.

సరే, చిన్న అక్షరాలతో రాయిద్దామని పెయింటరుని వెంటబెట్టుకుని బడికి వెళ్తే, పంతులమ్మ వ్యాను ముందుకొచ్చి నిలబడింది.

"పేర్లు వద్దండీ."

"మా వాళ్ళంతా ఆశపడుతున్నారమ్మా. అన్నదానం చేస్తే గుళ్ళో బండ మీద రాస్తారు, ఫ్యాను ఇస్తే రెక్కల మీద రాస్తారు. మనకది మర్యాద."

"ఈ పిల్లల్ని ఇప్పటికే రోడ్డు మీద అందరూ తేరిపార చూస్తారు. బండి నిండా దాతల పేర్లు రాస్తే, లోపలున్నదెవరో ఊరంతటికీ చదివి వినిపించినట్టే. తెల్ల బండి, తెల్లగానే ఉండనీయండి. నలుగురి పిల్లల్లాగా వీళ్ళూ వస్తారు, పోతారు."

 పెయింటరుకు టీ తాగించి పంపేశాను.

అదే రోజు సాయంత్రం పంపుల కంపెనీ మేనేజరు ఫోను.

"ఏవండీ, పూతరేకులు లేవన్నారు, పోనీలెండి అనుకున్నాం. బస్సు మీద పేరన్నారు. మా ఆవిడ ఫొటో అడుగుతోంది. ఎప్పుడు రమ్మంటారు?"

"పెయింటు ఆరాలండీ," అన్నాను.

"ఎన్నాళ్ళారుతుందేవిటి పెయింటు?"

"మంచి పెయింటండీ."

తిన్నగా మేస్త్రి దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. "నడువ్ బావా, ఉప్పల్ పోదాం. స్టీలు దుకాణపాయన నీ మీద అలిగిండంట, ఫోన్ జేసిండు," అన్నాడు. అన్నేళ్ళ బేరం పోగొట్టిన వాడిని, చెప్పి రావడం ధర్మమే అనిపించింది. బైకెక్కాను.

కొట్టాయన నన్ను చూసి కూర్చోమనలేదు. గుమ్మంలో పేర్లు చెక్కే ఆయన సూది పక్కన పెట్టి, ఖాళీ చేతులతో రోడ్డు చూస్తున్నాడు. "ఈయేడు పేర్లేం లేవా సారూ?" అన్నాడు. ఆ అడగడంలో ఏ కోపమూ లేదు. ఊరికే అడిగాడు. అందుకే ఎక్కువ తగిలింది.

మేస్త్రి కొట్లో గోడకు పేర్చిన పళ్ళేలు చూస్తూ అడిగాడు: "పిల్లలు దేంట్ల తింటున్నరు బావా?"

"అంచులు విరిగిన ప్లాస్టిక్ పళ్ళేలు."

"మరింకేంది!"

ఈ ఆలోచన నాదేనని రెండేళ్ళపాటు అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు విన్నారుగా, ఎవరిదో. బండి కొనగా మిగిలిన దానితో గచ్చకాయలాంటి గట్టి పళ్ళేలు తీసుకున్నాం. ఒక్కో పళ్ళెం అడుగున, లోపలి వైపు ఒక్కో పేరు. మేనేజర్లవీ, మా షెడ్డువాళ్ళవీ, కలగలిపి. పిల్లల కంటే పళ్ళేలు చాలా ఎక్కువే అయ్యాయి; రోజూ వచ్చే తల్లులు, చుట్టాలు, ఎవరైనా తినొచ్చు అనుకున్నాం. చెక్కినందుకు కొట్టాయన డబ్బు ముట్టుకోలేదు. "పేర్లు నా వంతు," అన్నాడు, ఇంకా అలిగినట్టే ముఖం పెట్టుకుని. చెక్కే ఆయన సూది జుయ్యిమంటుంటే నాకు పండగ అప్పుడొచ్చింది.

పంతులమ్మ ఒక పళ్ళెం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అన్నం పెడితే పేరు కనబడదు. తిన్నాకే కనబడుతుంది," అంది తనలో తను. తర్వాత నాతో, "ఇది సరే," అంది.

మేనేజరు వచ్చిన రోజు మధ్యాహ్నం బడి హాల్లో పిల్లలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. నడుం నిలవని వాళ్ళకు గోడ ఆసరా. ఆయన ఇస్త్రీ మడత నలగని ప్యాంటుతో, చేతిలో ఫోను తీసి పట్టుకుని వచ్చాడు. బస్సేదని అడిగాడు. బయట తెల్ల వ్యాను చూపించి, ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మరి నా పేరు?"

"అదిగో," అని ఓ పళ్ళెం చూపించాను.

దైవికంగా ఆయన పేరున్న పళ్ళెం మా షెడ్డు అమ్మాయి కూతురికే వచ్చింది. దైవికంగా కాదు. నేనే సర్ది పెట్టాను.

పళ్ళెం నిండా పెరుగన్నం. పేరు ఎక్కడుంది మరి? ఆయన వంగి చూశాడు. అంచున సన్నగా ఒక అక్షరం కొన మాత్రం కనబడుతోంది. ఆయా ముద్ద పెడుతుంటే పిల్ల నోరు బిగించేసింది. మామూలుగానే ఆ పిల్ల సగం తిని వదిలేస్తుందని ఆయా చెప్పింది.

"సగమేనా? సగం తింటే ఎలా?" అని మేనేజరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదట ఆయనకు కావలసింది ఫొటోనే, సందేహం లేదు. ఫోను జేబులో పెట్టుకుని, చెయ్యి కడుక్కొచ్చి, ముద్ద కలిపాడు.

"ఇది చిలకమ్మ ముద్ద తల్లీ. ఆఁ అను. ఇది పిచ్చికమ్మ ముద్ద. ఇది, ఇది మీ చర్లపల్లి మావయ్య ముద్ద."

పిల్ల ఆయన ముఖంలోకి చూస్తూ నోరు తెరిచింది. ఒక ముద్ద లోపలికి, ఒక ముద్ద ఆయన చొక్కా కఫ్ మీదికి. ఆయన తుడుచుకోలేదు. ఎంతసేపు అలా తినిపించాడో, హాలంతా ఖాళీ అయింది, ఆయా పక్కవాళ్ళ పళ్ళేలు కడగడానికి తీసుకుపోయింది. పెరుగు జరిగేకొద్దీ పేరు మెల్లగా బయటపడుతోంది. ఆఖరి ముద్దకు పూర్తిగా వచ్చింది. పిల్ల అరచేత్తో పళ్ళాన్ని టప్పుమని కొట్టి, గొంతులోంచి ఒక పెద్ద నవ్వు నవ్వింది. ఆయన ఆ నవ్వుకి అదిరిపడి తానూ నవ్వాడు.

ఫొటో తీసుకోలేదు. గుర్తుచేస్తే, "ఆవిడనే తీసుకొస్తాను లెండి," అన్నాడు. గుమ్మం దిగుతూ ఆయాని అడిగాడు, "రేపేం కూరమ్మా?" అని. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, చెవిలో: "వచ్చే ఏడు కూడా ఇలాగే కానివ్వండి. కాని పూతరేకుల మాట మర్చిపోకండేం. దానం దానమే, పూతరేకు పూతరేకే."

తిరుగు దారిలో మేస్త్రి బైకు వెనక కూర్చున్నాను. ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, తల తిప్పకుండానే అన్నాడు:

"ఆ పిల్ల ఎవల బిడ్డనో ఎర్కేనా బావా?"

"ఏ పిల్ల?" అన్నాను, వీలైనంత అమాయకంగా.

"దాచుకో, మంచిగ దాచుకో. షెడ్డంత ఎర్కే. మా వాడకట్టులనే ఉంటది ఆమె. ఎవల బిడ్డ ఏ బండెక్కుతదో మాకు తెల్వదా?"

 సిగ్నల్ పడింది, వెనక హారన్లు. బండి కదిలాక గాలిలో అరిచి అడిగాను: "మరి ఆ రోజు అంత బేరమాడారే? ఎడమ పక్క పేరని, అత్త పేరని?"

"గట్ల ఆడకుంటే ఎట్ల? అడగ్గనే అందరం సరే అంటే, నా కోసమే ఇడిసిన్రు అనుకొని ఆమె జన్మల తలకాయ ఎత్తకపోతుండె. గందుకే జర లొల్లి జేసినం. మస్తు జేసినం గదా?"

"అయితే బస్సు... నా ఉపన్యాసం..."

"బస్సంటే ఎవడు నమ్మిండు బావా? నువ్వు ఏనుగంటే మేము ఎల్క అనుకుంటం. మాకు అలవాటే గదా."

బండి నాచారం చేరింది. రబ్బరు వాసన మొదలైతే ఫ్యాక్టరీ దగ్గరైందని గుర్తు. ఆ వాసన అన్నేళ్ళలో నాకెప్పుడూ అంత బాగుండలేదు. నా మాటకారితనంతో ఒక షెడ్డును కరిగించాననుకున్న వాడిని, ఆ షెడ్డే నన్ను, ఆమెను, ఇద్దరినీ కలిపి చల్లగా మోసిందని తెలిస్తే ఎలా ఉంటుంది? సిగ్గేం కలగలేదు. పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టుంది. నాకంటే చిన్నవాళ్ళే అందరూ, అయినా సరే.

ఆమెకు ఈ సంగతి తెలియదు. తెలియకూడదనే ఇందులో ఎవరి పేరూ రాయలేదు. పేర్లు కావలసినవాళ్ళు రామంతాపూర్ వెళ్ళి, అన్నం తిని, పళ్ళెం ఖాళీ చేసి చదువుకోవచ్చు. వాటిలో నా పేరు లేదు. నాకలాంటి యావ లేదు... సరే, ఉంది. ఒక పళ్ళెం మీదా, ఒక గ్లాసు మీదా ఉంది. ఆ పళ్ళెం వచ్చిన పిల్లాడు రోజూ అన్నం మిగులుస్తాడట. నా పేరు ఇప్పటిదాకా పూర్తిగా బయటపడలేదని ఆయా చెప్పింది. మంచిదే.

ఆ దీపావళి వెళ్ళిన మొదటి పని రోజున నేను అందరికంటే ముందు ఫ్యాక్టరీకి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. లెక్కలు చూసుకోవడానికని వాచ్‌మన్‌తో చెప్పాను. లెక్కలేం లేవు. ఆమె వస్తుందా అని చూడటానికే. తెల్ల వ్యాను ఆ పొద్దున్నే మొదటిసారి ఆమె సందులోకి వెళ్ళాలి. డ్రైవరుకు దారి తెలుసో లేదో, పిల్ల కొత్త మనిషి చేతికి వస్తుందో రాదో. సైరను మోగడానికి ఇంకా టైముంది. గేటు ముందు నుంచి షేర్ ఆటోలు పోతూనే ఉన్నాయి.

ఒకటి ఆగింది. ఆమె దిగింది. వట్టి చేతులతో, మెడలో టిఫిన్ బ్యాగు వేలాడేసుకుని, మామూలుగా. చెంగు మీద చిన్న అరచేతి గుర్తు, పౌడరుతో. నన్ను చూసి తలూపింది.

లోపల నుంచి మేస్త్రి కేక: "ఏందవ్వా, పండుగ నిద్ర ఇంకా దిగలేదా? వాషర్లన్ని కుప్ప పడ్డయ్, ఎవలు కోస్తరు?"

"గడియారం జూడున్రి అన్నా!" ఆమె కూడా అక్కడి నుంచే కేకేసింది. "ఇంకా సైరనే మోగలె. లొల్లి పెట్టుడు దప్ప మీకు ఏం పని లేదా?"

"లేదు," అన్నాడు మేస్త్రి, గొణుక్కుంటూ లోపలికి పోతూ. నా వైపు చూడనైనా చూడలేదు.

కాసేపటికి షెడ్డులోంచి కత్తెర చప్పుడు మొదలైంది. నేను వెళ్ళి నా కుర్చీలో, అంటే వాళ్ళ తాత చేన్లో, కూర్చున్నాను.